మంత్రసాని చేసిన రెండు పనులు: వైరా నుంచి పురిటి గది చరిత్ర

మన వైరా చుట్టుపక్కల చరిత్ర అనగానే కట్టలు, చెరువులు, దొరలు, పోరాటాలు గుర్తుకొస్తాయి. ఇవాళ వాటిని కాస్త పక్కన పెట్టి ఒక వృత్తి గురించి మాట్లాడతాను. ఆ వృత్తి చేసినవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ కనపడవు. కానీ మీ ఇంట్లో 1980కి ముందు పల్లెలో పుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళని ఈ లోకంలో మొట్టమొదట పట్టుకున్న చేతులు చాలావరకు ఆమెవే. మంత్రసాని.

ఈమధ్య హైదరాబాద్ లాంటి చోట్ల 'డూలా' అనే మాట బాగా వినపడుతోంది. డూలా అంటే డాక్టరు కాదు, నర్సు కాదు. కాన్పు చేయదు, సూది వేయదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా, ఆ తర్వాత కొన్నాళ్ళు, తల్లి పక్కన ఉంటుంది. నడుము రుద్దుతుంది, నడిపిస్తుంది, నీళ్ళు తాగిస్తుంది, భయపడితే మాట్లాడుతుంది, ఇంట్లోవాళ్ళకి ఏం జరుగుతోందో చెబుతుంది. ఇందుకు ఫీజు తీసుకుంటుంది. ఇది విన్నప్పుడు మన పెద్దవాళ్ళు ఎవరైనా అనే మాట ఏంటంటే, 'ఇందులో కొత్తేముంది, మన మంత్రసాని చేసింది ఇదేగా' అని. ఆ మాట సగం నిజం. ఎందుకు సగమో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు మాట సంగతి చూద్దాం. బ్రౌన్ దొర నిఘంటువులో మంత్రసాని అంటే కాన్పు చేసే స్త్రీ అనే ఉంది. చివర ఉన్న 'సాని' స్వామిని నుంచి వచ్చింది, అంటే దొరసానిలో ఉన్న సానే. గమనించండి, ఒకే సాని. ఒకామె గడీలో కూర్చుంది, ఇంకొకామె అదే గడీకి వెనక దర్వాజా నుంచి వచ్చి పురుడు పోసి వెళ్ళింది. డూలా అనే మాటది దీనికి తలకిందులు కథ. అది గ్రీకు మాట, దానికి దాసి అని అర్థం. 1970ల మొదట్లో డానా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త తల్లికి తోడుండే ఆడమనిషి అనే అర్థంలో దాన్ని వాడింది. అక్కణ్ణుంచి దాసి మాట గౌరవంగా బతికింది. మన దగ్గర సాని మాట దాసి పనిలో పడిపోయింది.

సరే, ఈమె పని ఏంటి? మా నాయనమ్మది వైరాకి పక్క పల్లె. ఆమె ఏడుగురిని కన్నది, ఒక్కసారీ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆమె చెప్పినదాన్ని బట్టి చూస్తే, నొప్పులు మొదలయ్యాయని కబురు పంపగానే మంత్రసాని వచ్చేది. రాగానే కాన్పు పని మొదలుపెట్టేది కాదు. పొట్ట మీద చేయి పెట్టి బిడ్డ ఎట్లా ఉందో చూసి, 'ఇంకా పొద్దుంది' అని చెప్పి కూర్చునేది. వాకిట్లో అటూ ఇటూ నడిపించేది. వాము కషాయం కాచి తాగించేది. నడుముకి ఆముదం రాసేది. దూలానికి కట్టిన తాడు పట్టుకొని గొంతుక్కూర్చోమనేది. అత్తగారు కంగారుపడి లోపలికీ బయటికీ తిరుగుతుంటే, 'నువ్వు పొయ్యి మీద నీళ్ళు చూసుకో అమ్మా' అని పంపించేసేది. అది కూడా పనే! పురిటి గదిలో కంగారు తగ్గించడం. ఇవన్నీ అయ్యాకే బిడ్డని పట్టడం, బొడ్డు కోయడం, మాయ పడేదాకా కాచుకోవడం. అక్కడితో అయిపోలేదు. బాలింతకి వేణ్ణీళ్ళు పోయడం, నడికట్టు కట్టడం, బిడ్డని చాచిన కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి స్నానం చేయించడం, పాలు పట్టకపోతే పట్టించడం. ఇరవై ఒకటో రోజు దాకా ఆ ఇంటికి వచ్చిపోతూనే ఉండేది.

మొత్తం కలిపి చూస్తే రెండు పనులు కనపడతాయి. ఒకటి పట్టడం. రెండోది పక్కన కూర్చోవడం. మొదటిది గంట సేపు. రెండోది రాత్రంతా, ఆపైన ఇరవై రోజులు. ఈ రెండింటికీ చరిత్రలో వేర్వేరు గతులు పట్టాయి. నా వాదన అంతా ఇదే. మొదటి పనిని ఆసుపత్రి తీసుకుంది, తీసుకోవాల్సిందే. రెండో పనిని ఎవరూ తీసుకోలేదు.

ఇక్కడ కులం సంగతి దాటవేస్తే చరిత్ర చెప్పినట్టు కాదు. మన ప్రాంతంలో చాలా ఊళ్ళల్లో ఈ పని మంగలి ఇళ్ళ ఆడవాళ్ళది. నాయీబ్రాహ్మణులని ఇప్పుడు అంటున్నాం. కొన్ని ఊళ్ళల్లో మాదిగ, మాల ఇళ్ళ పెద్దామెలు చేసేవాళ్ళు. పురుడంటే మైల, బొడ్డు కోయడమంటే మైల, మాయ పాతిపెట్టడమంటే మైల. ఆ మైలనంతా మోయడానికి ఒక కులం. పది నెలలు మోసిన తల్లి తర్వాత బిడ్డకి మొదటి స్పర్శ ఆమెది, తెల్లారితే ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడానికి హక్కు లేదు. కూలి అంటారా, చాటలో బియ్యం, తమలపాకులు, ఒక పాత చీర. అదీ మామూలు కాపు ఇళ్ళల్లో. దొర ఇంట్లో అయితే వెట్టి. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ పల్లెలు వెట్టి మీద తిరగబడ్డప్పుడు, ఆ వెట్టి జాబితాలో చాకలి బట్టలు, మంగలి పని మాత్రమే కాదు, ఈ పురుళ్ళు కూడా ఉన్నాయని మనం పెద్దగా చెప్పుకోం.

'మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి' అని సామెత. దీన్ని నవ్వులాటగా వాడతాం. కానీ వినండి, అందులో 'ఒప్పుకున్నాక' అనే మాట ఉంది. ఆమెని ఎవరు అడిగారండీ, ఒప్పుకుంటావా అని?

అడవి వైపు పోతే పద్ధతి మారుతుంది. వైరా నుంచి తల్లాడ దాటి ఏన్కూరు, జూలూరుపాడు వైపు వెళ్తే కోయ గూడేలు మొదలవుతాయి. అక్కడ వేరే కులం మనిషిని పిలవడం కాదు, గూడెంలోనే నాలుగు కాన్పులు చూసి చేయి తిరిగిన పెద్దామె ఉంటుంది. ఆమెని పిలిచేది వరసతోనే, పని పేరుతో కాదు. ఆ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు సర్కారు వైపు వద్దాం. మన జిల్లాకి ఒక విచిత్రం ఉంది. ఈ వైరా నిజాం రాజ్యంలోది, వరంగల్ జిల్లాలో భాగం. నిజాం ఇంజనీర్లు వైరా నది మీద కట్ట కట్టింది 1930 ప్రాంతంలో. అదే భద్రాచలం తీసుకుంటే, 1860లో నిజాం ఇంగ్లీషువాళ్ళకి వదిలేసినది, 1874 నుంచి మద్రాసు రాజ్యంలో గోదావరి జిల్లా కింద నడిచింది. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో, భద్రాచలం వచ్చి అందులో కలిసింది 1959లో. అంటే మొన్నమొన్నటిదాకా మనవి రెండు సర్కార్లు, రెండు చట్టాలు.

మద్రాసు వైపు పురుళ్ళ మీద సర్కారు కన్ను ముందు పడింది. మద్రాసులో పురుళ్ళ ఆసుపత్రి 1844 నాటిది, ఎగ్మోర్ ఆసుపత్రి అని ఇప్పటికీ ఉంది. 1885లో డఫరిన్ వైస్రాయి భార్య పేరుతో ఆడవాళ్ళ వైద్యానికి నిధి పెట్టారు. 1903లో కర్జన్ భార్య దాయిలకి శిక్షణ ఇవ్వడానికి ఇంకో నిధి మొదలుపెట్టింది. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సులు, మిడ్‌వైఫ్‌ల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. రిజిస్టరులో పేరుంటే మిడ్‌వైఫ్, లేకపోతే మొరటు దాయి. హైదరాబాద్‌లో 1906లో వేల్స్ యువరాణి చేతుల మీదుగా విక్టోరియా జనానా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ పట్నాల సంగతులు. నది ఇవతలా అవతలా పల్లెల్లో మాత్రం ఏ సర్కారైనా ఒకటే, కబురు పోయేది మంత్రసానికే.

ఆ కాలపు నివేదికల్లో మంత్రసాని గురించి రాసినవి చదివితే ఒళ్ళు మండుతుంది. మురికి, మూఢనమ్మకం, అజ్ఞానం అని. అందులో అన్యాయం ఉంది. కానీ అబద్ధం మాత్రమే అంటే నేను ఒప్పుకోను. 1946లో భోర్ కమిటీ ఇచ్చిన లెక్క చూడండి. బ్రిటిష్ ఇండియాలో ఏటా సుమారు 2 లక్షల మంది తల్లులు కాన్పు కారణంగా చనిపోతున్నారు. దేశం మొత్తానికి ఉన్న శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు 5,000 మంది. బొడ్డు కొడవలితో కోసిన రోజులవి, పుండు మీద బూడిద అద్దిన రోజులవి. వారం తిరక్కుండా బిడ్డ దవడలు బిగుసుకొని పోతే 'గాలి సోకింది' అనుకునేవాళ్ళు. అది ధనుర్వాతం. మా నాయనమ్మ కన్న ఏడుగురిలో బతికింది నలుగురు. పోయిన ముగ్గురిలో ఇద్దరు పదిరోజుల లోపువాళ్ళు. ఆమె మంత్రసానిని ఏనాడూ తప్పుపట్టలేదు, 'ఆమె చేతిలో ఏముంది' అనేది. నిజమే, ఆమె చేతిలో కొడవలి తప్ప ఏమీ లేదు. ఉడకబెట్టిన బ్లేడు ఇచ్చినవాళ్ళు ఎవరు?

ఇక్కడ ఒక పేరు చెప్పుకోవాలి, కొమర్రాజు అచ్చమాంబ. మన మధిర దాటగానే ఉండే పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారి కూతురు. ఆయన అక్కగారు భండారు అచ్చమాంబ, తెలుగులో తొలి కథలు రాసినావిడ. చాలామంది ఈ ఇద్దరినీ కలిపేస్తారు. డాక్టరు అచ్చమాంబ బెజవాడలో పురుళ్ళ డాక్టరు, 1957లో అక్కణ్ణుంచే పార్లమెంటుకి గెలిచింది. ప్రసూతి, శిశుపోషణ మీద తెలుగులో పుస్తకం రాసింది. ఇంగ్లీషు రాని ఆడవాళ్ళకి వాళ్ళ ఒళ్ళు గురించి వాళ్ళ భాషలో చెప్పడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. నివేదికలు తిట్టి ఊరుకున్నాయి, ఈమె కూర్చొని వివరించింది. నా దృష్టిలో ఆ పుస్తకం కూడా పక్కన కూర్చోవడమే.

స్వతంత్రం వచ్చాక ఏ.ఎన్.ఎం.లు వచ్చారు. ఐదువేల జనాభాకి ఒక ఉపకేంద్రం, గిరిజన ప్రాంతమైతే మూడువేలకి. ఒక్క మనిషి ఐదువేల మందికి టీకాలు వేయాలి, ఆపరేషన్ల లెక్క చూపించాలి, రిజిస్టర్లు రాయాలి. రాత్రంతా ఒక ఇంట్లో ఎట్లా కూర్చుంటుంది? సర్కారుకీ ఇది తెలుసు. అందుకే 1977 గ్రామీణ ఆరోగ్య పథకంలో మంత్రసానికే తర్ఫీదు ఇవ్వాలన్నారు. వెయ్యి జనాభాకి ఒక దాయి. 30 పనిదినాల శిక్షణ, 300 రూపాయల భత్యం, చివర ఒక సర్టిఫికెట్, ఒక కిట్టు. కాన్పు నమోదు చేయిస్తే పది రూపాయలు. కిట్టులో బ్లేడు, దారం, సబ్బు. చేతులు శుభ్రం, చోటు శుభ్రం, బ్లేడు శుభ్రం, కట్టే దారం శుభ్రం, కోసిన బొడ్డు శుభ్రం. ఈ ఐదూ వల్లెవేయించారు.

ఈ పథకాన్ని వెక్కిరించేవాళ్ళున్నారు, నాకు మాత్రం గౌరవమే. తరతరాల్లో మొదటిసారి ఆమెని పిలిచి కూర్చోబెట్టి చెప్పారు, చేతిలో కాగితం పెట్టారు. అటు బ్లేడు, ఇటు గర్భిణులకి ధనుర్వాతం టీకా, రెండూ కలిసి పనిచేశాయి. 2003లో పసిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన మొదటి రాష్ట్రంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గుర్తింపు పొందింది. దేశం మొత్తం ఆ మాట అనుకోవడానికి 2015 దాకా పట్టింది. ఆ గెలుపులో మంత్రసాని వాటా ఎంతో ఎవరూ లెక్కకట్టలేదు.

కానీ ఆ పాఠంలో ఒక చిత్రం ఉంది. నేర్పిందంతా పట్టడం గురించే. కూర్చోవడం గురించి ఒక్క ముక్క లేదు. అది ఆమెకి వచ్చనుకున్నారో, అది పనే కాదనుకున్నారో మరి.

తర్వాత గాలి మళ్ళింది. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, జనని సురక్ష యోజన వచ్చింది. ఆసుపత్రిలో కంటే పేదింటి తల్లికి డబ్బు. ఊరికొక ఆశా కార్యకర్త. అదే ఏడాది ఆగస్టు 15న 108 బండ్లు మొదలయ్యాయి. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్, సర్కారు దవాఖానలో కంటే మగబిడ్డకి 12,000, ఆడబిడ్డకి 13,000. ఫలితం చూడండి. 1998–99 సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు సగం. 2019–21 సర్వేలో తెలంగాణలో 97 శాతం. లక్ష కాన్పులకి తల్లుల మరణాలు ఉమ్మడి రాష్ట్రంలో 2001–03లో 195. 2018–20లో తెలంగాణలో 43. ఇరవై ఏళ్ళలో ఇంత మార్పు! పాతకాలమే బాగుండేదని వీడియోలు పెట్టేవాళ్ళకి ఈ రెండు అంకెలు చూపించండి. మా నాయనమ్మకి చూపిస్తే ఆమే నవ్వేది వాళ్ళని చూసి.

అడవి అంచున ఈ మార్పు ఇంకా పూర్తి కాలేదు. వానాకాలంలో గొత్తికోయ గూడేల నుంచి నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకొస్తున్నారని పేపర్లో ఇప్పటికీ చదువుతున్నాం. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా వస్తారు. వాళ్ళకి కావలసింది ముందు రోడ్డు, తర్వాతే మిగతా మాటలు.

మరి అంతా బాగైతే నేను ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నట్టు? అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు. దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటులో 81.5 శాతం, సర్కారు ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆపరేషన్ల శాతం 10 దాటాక తల్లీబిడ్డల మరణాలు దానివల్ల ఇంకా తగ్గినట్టు కనపడలేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనం ఆరు రెట్లు దాటాం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ముహూర్తం పెట్టించుకొని కోయించుకునేవాళ్ళున్నారు, బిల్లు ఉంది, మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అనే పద్ధతి ఉంది. కానీ నేను మాట్లాడిన ఆడవాళ్ళు ఎక్కువగా చెప్పింది భయం. 'నా వల్ల కాదు, కోసేయండి అని నేనే అరిచాను' అని.

మా అక్క తొలి కాన్పు ఒక ఆసుపత్రిలో అయ్యింది. ఊరి పేరూ వద్దు, ఆసుపత్రి పేరూ వద్దు, అప్పట్లో దాదాపు అన్నిచోట్లా అంతే. అమ్మ బయట బెంచీ మీద. అక్క లోపల బల్ల మీద వెల్లకిలా, పద్నాలుగు గంటలు. గంటకోసారి ఎవరో వచ్చి చూసి, 'ఇంకా కాలేదు' అని వెళ్ళిపోయారు. ఎవరూ చెడ్డగా చూడలేదు, నిజం చెప్పాలంటే. వాళ్ళకి ఆ రాత్రి ఇంకా చాలామంది ఉన్నారు. తర్వాత అక్క అన్నది ఒక్కటే, 'నా చేయి పట్టుకోవడానికి గోడ కూడా దూరంగా ఉందే' అని. దూలానికి తాడు కట్టిన ఇంటికీ ఈ గదికీ మధ్య ఏం పోయిందో ఆ మాట విన్నాకే నాకు అర్థమయ్యింది.

ఇది సెంటిమెంటు కాదండీ, లెక్క తేలిన సంగతే. 1980లో గ్వాటెమాలాలో ఒక ఆసుపత్రిలో చేసిన పరిశోధన ఉంది. తొలి కాన్పు ఆడవాళ్ళని తీసుకున్నారు. కొంతమందికి మామూలు ఆసుపత్రి పద్ధతి, కొంతమందికి ముక్కూమొహం తెలియని ఒక ఆడమనిషి పక్కన ఉంటుంది. ఆమెకి వైద్యం రాదు. వీపు రుద్దుతుంది, చేయి పట్టుకుంటుంది, మాట్లాడుతుంది, అంతే. చిక్కులేవీ లేకుండా కన్నవాళ్ళలో, తోడు లేనివాళ్ళకి ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాన్పు దాకా సగటున 19.3 గంటలు పట్టింది. తోడు ఉన్నవాళ్ళకి 8.8 గంటలు! ఒక్క పరిశోధన నమ్మకండి అంటారా, 2017లో 17 దేశాల్లోని 15 వేల పైచిలుకు ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. కాన్పంతా తోడు ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయి, ఆపరేషన్లు తగ్గుతాయి అనే తేలింది.

అంటే మంత్రసాని రెండో పని వైద్యమే. మైల అన్నందుకు, రిజిస్టరులో లేనందుకు, కిట్టులో పట్టనందుకు మనం దాన్ని పని కింద లెక్కపెట్టలేదు.

సర్కారు కళ్ళు కొద్దికొద్దిగా తెరిచింది. 2016 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ సర్కారు ఆసుపత్రుల పురిటి గదిలోకి ఒక తోడు మనిషిని అనుమతించింది. ఆమె ఇదివరకు కాన్పు అయిన ఆడమనిషి అయ్యుండాలి. అమ్మో, అత్తో, అక్కో. 2017 అక్టోబరులో కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలో 30 మంది నర్సులకి మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైంది, యూనిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ వాళ్ళు కలిసి. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో కొత్తగా నేర్పేది ఏంటంటే, తల్లిని నడవనివ్వాలి, తనకి వీలైన భంగిమలో ఉండనివ్వాలి, ఊరికే తొందరపెట్టకూడదు. మా నాయనమ్మ వింటే 'మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?' అనేది.

ఉత్తర్వు ఒకటి, పురిటి గది తలుపు ఒకటి. చాలా గదుల్లో మంచానికీ మంచానికీ మధ్య పరదా కూడా ఉండదు. అందుకే పక్క తల్లి పరువు కోసమని తోడు మనిషిని బయటికి పంపుతారు. పరదా గుడ్డ ఎంత అవుతుందండీ? ఇంకో పక్క ఆశా అక్క ఉంది. గర్భిణిని తొమ్మిది నెలలు చూసేది ఆమె, ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఆమె. ఆ ఇంటి కోడలికి ఆమె మొహం తెలుసు, గొంతు తెలుసు. లోపల కూర్చోమని, దానికి ఇంత అని కూలి కట్టిస్తే, మనకి డూలా కొత్తగా కావాలా? అయితే ఒక్క షరతు. ఉన్న పనుల మీద ఇంకో పని ఉత్తపుణ్యానికి వేయకూడదు. ఉత్తపుణ్యానికి కూర్చోబెట్టినందుకే మంత్రసానిని పోగొట్టుకున్నాం.

జనన నమోదు ఫారం ఎప్పుడైనా చూశారా? 1969 చట్టం కింద నింపేది. అందులో కాన్పు ఎవరు చేశారనే గడి ఉంటుంది. సర్కారు ఆసుపత్రి, ప్రైవేటు ఆసుపత్రి, డాక్టరు లేదా నర్సు లేదా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్, సంప్రదాయ మంత్రసాని, బంధువులు. టిక్కు పెట్టాలి. పేరు రాసే చోటు లేదు. మా నాయనమ్మకి పురుళ్ళు పోసిన ఆమె పేరు నేను చాలా ఇళ్ళల్లో అడిగాను. 'ఆ ముసలమ్మ' అన్నారు, 'మంత్రసాని' అన్నారు, ఒకాయన 'ఫలానా వాళ్ళ నాయనమ్మ' అన్నాడు. ఆ మనవడి ఇల్లు దొరికింది. కట్ట కింద వీధిలో సెలూన్ ఉంది అతనికి. అతనికి పేరు తెలుసు. నన్ను రాసుకోమన్నాడు గానీ వీడియోలో చెప్పొద్దన్నాడు, మా పిల్లలు బడికి పోతున్నారు మేడమ్, అని.